పదిహేను గంటల ఆలస్యం

డిగ్రీ విద్యార్థులకు గురుత్వాకర్షణ పాఠం చెప్పే ప్రతి సంవత్సరమూ, చివరి తరగతిలో నేను ఒక బొమ్మ చూపిస్తూ వచ్చాను. శనికి ఉన్న ఉపగ్రహాలన్నిటిలోకీ పెద్దదైన టైటాన్‌ను నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో తెలిపే బొమ్మ అది. పైన మంచు పెంకు, దాని కింద నీలిరంగులో సముద్రం, ఇంకా కింద ఒత్తిడికి గట్టిపడిన మరో రకం మంచు, నడుమ రాతి గర్భం. ఆ నీలి వలయం అక్కడ ఉందని ఎలా తెలుసునని ఎవరైనా అడిగితే, టైటాన్ శని ఆకర్షణకు ఎంత ఉబ్బుతుందో శని చుట్టూ తిరిగిన కాసిని నౌక కొలిచిందని, లోపల ద్రవం లేకపోతే అంత ఉబ్బు రాదని జవాబు చెప్పేవాణ్ని. 2025 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రం, అదే కాసిని పంపిన కొలతలను మళ్ళీ లెక్కగట్టి, టైటాన్ లోపల విశాలమైన సముద్రం లేదని, ఆ సంగతిని దాని ఆటుపోట్లే చెబుతున్నాయని తేల్చింది. సాక్షి మారలేదు, వాంగ్మూలం మారలేదు, తీర్పు మాత్రం తిరగబడింది.

పాఠం మార్చుకోవలసి రావడం నాకు చిన్నతనంగా అనిపించలేదు. విజ్ఞానశాస్త్రం చెప్పేవాడికి అది మామూలే. నన్ను కలవరపెట్టిన విషయం వేరు. ఆటుపోటు కొలతలో రెండు సంగతులుంటాయి: ఎంత ఉబ్బింది, ఎప్పుడు ఉబ్బింది. ఇన్నేళ్ళూ నేను మొదటిదాన్నే చెప్పుకుంటూ వచ్చాను, రెండోదాని ఊసే ఎత్తలేదు. నేను చదివిన వార్తా కథనాలు కూడా చాలావరకు అంతే. మంచు చందమామల గర్భంలోకి తొంగిచూడటానికి ఆటుపోట్లను మించిన సాధనం ప్రస్తుతానికి మన చేతిలో లేదని నేను నమ్ముతాను. అయితే, సముద్రం ఉందా లేదా అని అడిగి అవునో కాదో చెప్పించుకునే సోదెకత్తెలాగా దాన్ని వాడుకుంటే తప్పులో కాలేస్తామని, టైటాన్ విషయంలో మనం చేసింది అదేనని నా వాదన.

ముందుగా టైటాన్ మీద పోటు అంటే ఏమిటో చెప్పుకోవాలి, ఎందుకంటే విశాఖ తీరంలో మనం చూసే పోటుకూ దానికీ చాలా తేడా ఉంది. విశాఖలో సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. పున్నమి, అమావాస్యల దగ్గర ఆ హెచ్చుతగ్గు సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. భూమి గిర్రున తిరుగుతూ ప్రతి తీరాన్నీ చంద్రుడి ఎదుటికి తెచ్చి, మళ్ళీ పక్కకు తీసుకుపోతుంది కనుక ఇలా జరుగుతుంది. టైటాన్ అలా తిరగదు. మన చంద్రుడు భూమికి చూపించినట్టే అది కూడా శనికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తుంది కాబట్టి, శని లాగడం వల్ల వచ్చిన ఉబ్బులో పెద్ద భాగం శాశ్వతంగా ఒకేచోట నిలిచిపోయి ఉంటుంది. నిలిచిపోయిన ఉబ్బు లోపలి పదార్థం ఎలా కదులుతుందో చెప్పదు. మనకు పనికివచ్చేది మారుతూ ఉండే చిన్న భాగం. టైటాన్ కక్ష్య కచ్చితమైన వలయం కాకుండా కొద్దిగా సాగినట్టు ఉంటుంది. 15 రోజుల 22 గంటల్లో ఒక చుట్టు పూర్తిచేసేలోపల అది శనికి దాదాపు 11 లక్షల 87 వేల కిలోమీటర్ల దూరానికి దగ్గరై, తిరిగి 12 లక్షల 57 వేల కిలోమీటర్ల దూరానికి జరుగుతుంది. ఉబ్బించే బలం దూరపు ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, దగ్గరగా ఉన్నప్పుడు అది దూరంగా ఉన్నప్పటి కంటే దాదాపు 19 శాతం ఎక్కువ. ప్రతి పదహారు రోజులకూ ఒకసారి శని ఆ గోళాన్ని ఇలా కొంచెం పిండి, కొంచెం వదులుతుందన్నమాట. పిండినప్పుడు అది ఎంత లొంగుతుందన్నదే మన ప్రశ్న.

ఆ లొంగుబాటును ఒక సంఖ్యగా చెప్పే పద్ధతిని 1909లో ఆంగ్ల గణితవేత్త లవ్ ప్రవేశపెట్టాడు. లవ్ సంఖ్యలు అన్న పేరు ఆయన ఇంటిపేరు మీద వచ్చిందే తప్ప, ప్రేమకూ దానికీ సంబంధం లేదని ప్రతి సంవత్సరమూ ఒక తరగతి నవ్వు ఆగాక చెప్పవలసి వస్తుంది. వాటిలో ముఖ్యమైనది కే2. ఉబ్బడం వల్ల ఆ గోళపు సొంత గురుత్వంలో వచ్చిన మార్పును, ఆ ఉబ్బుకు కారణమైన బయటి గురుత్వపు మార్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి అది. ఎంత పిండినా కదలని గోళానికి అది సున్నా, అంతటా ఒకే సాంద్రత ఉన్న ద్రవ గోళానికి 1.5. భూమికి సుమారు 0.3, మన చంద్రుడికి 0.024. హెచ్2 అనే మరో సంఖ్య ఉపరితలం ఎంత ఎత్తున లేస్తుందో చెబుతుంది, దాని దగ్గరికి తరవాత వస్తాను.

టైటాన్ కే2ను కాసిని ఎలా కొలిచిందన్నది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివితీరని కథ. ఆ నౌకలో ఉబ్బును కొలిచే ప్రత్యేక పరికరమేదీ లేదు. నౌకే పరికరం. అది టైటాన్ పక్కనుంచి దూసుకుపోతూ ఉంటే, టైటాన్ గురుత్వం దాని వేగాన్ని మారుస్తుంది. ఆ మార్పు నౌక పంపే రేడియో సంకేతపు పౌనఃపున్యంలో డాప్లర్ మార్పుగా కనిపిస్తుంది. రైలు కూత మనల్ని దాటిపోగానే బొంగురుపోవడం వంటిదే ఇదీ. గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రాలలో ఉన్న పెద్ద యాంటెనాలు 140 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి దాదాపు గంటా ఇరవై నిమిషాలు ప్రయాణం చేసి వచ్చిన ఆ సంకేతాన్ని అందుకుని, నౌక వేగంలో సెకనుకు మిల్లీమీటరులో పదోవంతు కన్నా తక్కువ తేడాను కూడా పసిగట్టాయి. ఇది ఎంత సూక్ష్మమో బల్ల మీద కాగితం పెట్టుకుని చూడవచ్చు. సంకేతం సెకనుకు 840 కోట్ల సార్లు కంపిస్తుంది. నౌక వేగం సెకనుకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మారితే, ఆ 840 కోట్లలో వచ్చే తేడా ఒక కంపనంలో వెయ్యోవంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. పన్నెండు నిమిషాలు ఎదురుచూస్తే గానీ ఒక పూర్తి కంపనం తేడా పడదు.

ఇందులో ఒక బాధాకరమైన సంగతి ఉంది. కాసిని పెద్ద యాంటెనాను నౌక శరీరానికే బిగించారు, విడిగా తిప్పడానికి వీలులేదు. యాంటెనాను భూమివైపు తిప్పితే కెమెరాలు, తక్కిన పరికరాలు టైటాన్‌ను చూడలేవు. అందువల్ల 127 సార్లు టైటాన్ పక్కనుంచి వెళ్ళినా, గురుత్వ కొలతలకు దక్కినవి పదే పది. ఒక్కొక్క పర్యాయం టైటాన్ తన కక్ష్యలో వేర్వేరు చోట్ల ఉన్నప్పుడు దాని గురుత్వం ఎలా ఉందో చూసి, వాటి మధ్య తేడా నుంచి ఉబ్బును లెక్కించాలి. పదహారు రోజుల పోటును పది క్షణచిత్రాలతో అర్థం చేసుకోవడం అనుకోండి. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద మాట చెప్పారే అని 2012లో నేను ఆశ్చర్యపోయిన మాట నిజం, కానీ ఆ తక్కువతనాన్ని తరగతిలో చెప్పలేదు.

2012లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ఆరు పర్యాయాల మీద ఆధారపడింది. కే2 విలువ 0.589, అటూ ఇటూ 0.15 అని వచ్చింది. గట్టి మంచు, రాయి మాత్రమే ఉన్న టైటాన్‌కైతే ఆ విలువ 0.1 కూడా దాటకూడదు. ఉపరితలం మీద చూస్తే, గట్టి గోళం ఒక మీటరు మేర లేచే చోట టైటాన్ పది మీటర్ల వరకూ లేస్తోందన్నమాట. కనుక పెంకు కింద ద్రవం ఉందని, పెంకు దాని మీద తేలుతూ సులువుగా వంగుతోందని తేల్చారు. అప్పటికి తెలిసిన విషయాలను బట్టి అది న్యాయమైన నిర్ణయమే. కాసిని మోసుకెళ్ళి వదిలిన హ్యూజెన్స్ అనే చిన్న నౌక 2005 జనవరి 14న టైటాన్ మీద దిగుతూ నమోదుచేసిన రేడియో తరంగాలను కొందరు భూగర్భ సముద్రానికి సూచనగా చదివారు. టైటాన్ అక్షం దాదాపు 0.3 డిగ్రీలు ఒరిగి ఉండటం కూడా పూర్తిగా ఘనమైన గోళానికి కుదిరేలా లేదన్నారు. ఇవన్నీ ఒకేవైపు వేలు చూపించాయి.

అయినా ఒక చిక్కు మొదటినుంచీ ఉంది. 0.6 అనేది సముద్రం ఉన్న టైటాన్‌కు కూడా ఎక్కువే. మామూలు నీటితో నిండిన సముద్రాన్ని పెట్టి లెక్కవేస్తే 0.4 దగ్గర ఆగుతుంది. దాన్ని సరిపెట్టడానికి సముద్రంలో లవణాలు దండిగా కలిపి నీటిని బరువెక్కించారు. 2019లో పది పర్యాయాలనూ కలిపి చేసిన లెక్క 0.616 అనేసరికి ఆ బరువైన సముద్రం మరింత అవసరమైంది. 2024లో మరొక బృందం అదే సమాచారాన్ని వేరే విధంగా విశ్లేషించి 0.375 అన్నది, అప్పుడు మామూలు నీళ్ళే చాలు. తాజా పత్రం మళ్ళీ 0.6 దగ్గరికే వచ్చింది. నౌక 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలో కాలిపోయింది, ఆ తరవాత ఒక్క కొత్త కొలత కూడా లేదు. ఒకే పది పర్యాయాల సమాచారం నుంచి 0.375 కూడా 0.616 కూడా బయటికి వచ్చాయంటే, యాంటెనాలో పడిన సంకేతానికీ పత్రంలో అచ్చయిన సంఖ్యకూ మధ్య చాలా చేతిపని ఉందని అర్థం. నౌక ఇంధనపు కదలికలు, సౌరవాయువు సంకేతంలో కలిపే గోల, శని ఉపగ్రహాల స్థానాలు, వీటన్నిటినీ ఎలా తీసివేశారన్న దాని మీద ఫలితం ఆధారపడుతుంది. ఇందులో మోసమేమీ లేదు. కానీ ఆ చేతిపనిని దాచి సంఖ్యను మాత్రం చూపించినప్పుడు, చదివేవాడికి అది కొలబద్ద మీద చూసి రాసుకున్న పొడవులా కనిపిస్తుంది.

ఇక అసలు విషయం. ఉబ్బు పెద్దదైతే లోపల నీరు ఉండి తీరాలా? ఇక్కడ మంచు స్వభావాన్ని కాస్త దగ్గరగా చూడాలి. జీళ్ళపాకాన్ని మేకుకు తగిలించి లాగేవాళ్ళను చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నెమ్మదిగా లాగితే అది మూరలకొద్దీ సాగుతుంది, చటుక్కున గుంజితే పుటుక్కున తెగుతుంది. పాకం ఒకటే, మనం ఇచ్చిన వ్యవధిలోనే తేడా. మంచు కూడా అంతే. సెకన్లలో కొడితే అది రాయిలా నిలుస్తుంది. యుగాలపాటు నొక్కితే హిమానీనదంలా పారుతుంది. ఎంత వ్యవధి దగ్గర రాయి తనం పోయి పారే తనం మొదలవుతుందో తెలుసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది. దాన్ని మాక్స్‌వెల్ కాలం అంటారు. పదార్థపు స్నిగ్ధతను, అంటే పారడానికి అది చూపే అడ్డును, దాని దృఢతతో భాగిస్తే చాలు. కరిగే ఉష్ణోగ్రతకు దగ్గరలో ఉన్న మంచు స్నిగ్ధతను 1 తరవాత 14 సున్నాలు పాస్కల్-సెకన్లు అనుకుందాం, దృఢత 350 కోట్ల పాస్కళ్ళు. భాగిస్తే దాదాపు 28,600 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు.

నల్లబల్ల మీద ఈ లెక్క వేసి, దాని పక్కనే టైటాన్ పోటు చక్రం 383 గంటలు అని రాసినప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది. వెచ్చని మంచుకు లొంగిపోవడానికి ఎనిమిది గంటలు చాలు, శని దానికి పదహారు రోజులు ఇస్తోంది. అంటే లోపలి మంచు కరగకపోయినా, కరిగేందుకు సిద్ధంగా ఉన్న స్థితిలో ఉంటే, ఆ గోళం ద్రవంలాగానే ఉబ్బగలదు. టైటాన్ ఉపరితలపు మంచు సున్నాకు దిగువ 180 డిగ్రీల చలిలో రాయిలా గట్టిగా ఉంటుంది, కానీ వందల కిలోమీటర్ల లోతున మహా ఒత్తిడిలో ఉన్న మంచు సంగతి వేరు. ఒక్క ఉబ్బు కొలతతో నీటినీ, మెత్తబడ్డ మంచునూ విడదీయలేమని ఈ చిన్న భాగహారం చెబుతోంది. ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు, ఆ రంగంలో పనిచేసేవారికి ఎప్పటినుంచో తెలిసినదే. తెలిసిన విషయం బొమ్మలోకి ఎందుకు రాలేదన్నదే నా ఫిర్యాదు, ఆ ఫిర్యాదులో నా పేరు కూడా ఉంది.

విడదీసేది ఆలస్యం. నీటి మీద తేలే పలచని పెంకు శని లాగిన వెంటనే లేస్తుంది, వదిలిన వెంటనే దిగుతుంది. మధ్యలో ఖర్చయ్యే శక్తి తక్కువ. మెత్తబడిన మంచు అలా కాదు. జీళ్ళపాకంలా అది సాగుతుంది గానీ వెంటనే సాగదు, తిరిగి రావడానికి కూడా సమయం తీసుకుంటుంది, ఆ సాగే ప్రతిసారీ లోపల రాపిడి వేడిగా మారుతుంది. 2025 పత్రంలో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ పరిశోధకుడు ఫ్లావియో పెట్రికా, ఆయన సహచరులు చేసిన పని ఇదే. డాప్లర్ సమాచారంలోని గోలను కొత్త పద్ధతిలో తగ్గించి, ఉబ్బు పరిమాణంతోపాటు దాని ఆలస్యాన్ని కూడా వెలికితీశారు. శని ఆకర్షణ పతాకస్థాయికి చేరిన దాదాపు 15 గంటల తరవాత టైటాన్ ఉబ్బు పతాకస్థాయికి చేరుతోందని వారు తేల్చారు. సముద్రం ఉన్న టైటాన్ అంత బద్ధకంగా ఉండదు. కనుక లోపల ఉన్నది కరిగే అంచున ఉన్న మంచు అని, అందులో అక్కడక్కడ కరిగిన నీటి మడుగులు, జావలాంటి దారులు ఉండవచ్చునని వారి వాదన.

ఈ పత్రాన్ని నేను తలకెత్తుకుంటున్నానని అనుకోకండి. ఆలస్యం నుంచి వేడిని లెక్కగట్టే సూత్రం పాఠ్యపుస్తకాలలో ఉంటుంది. వారి విలువను అందులో వేసి చూస్తే, టైటాన్ లోపల నిరంతరం సుమారు మూడున్నర లక్షల కోట్ల వాట్ల శక్తి వేడిగా మారుతోందని వస్తుంది. భూమి మీద సముద్రాలన్నిటిలో ఆటుపోట్లకు ఖర్చయ్యే శక్తి కూడా దాదాపు ఇంతే, టైటాన్ ద్రవ్యరాశి మాత్రం భూమిలో నలభై నాలుగో వంతు. ఆ శక్తి ఊరికే రాదు, టైటాన్ కక్ష్య లోంచి వస్తుంది. అంత ఖర్చు జరిగితే సాగినట్టున్న కక్ష్య క్రమంగా గుండ్రబడాలి. ఎంత కాలంలో? నేను వేసిన మోటు లెక్క ప్రకారం మూడు కోట్ల సంవత్సరాలలో. సౌరకుటుంబం వయస్సు 450 కోట్ల సంవత్సరాలు. ఈపాటికి ఎప్పుడో గుండ్రబడిపోయి ఉండాల్సిన కక్ష్య ఇంకా సాగి ఎందుకు ఉంది? ఇటీవలి కాలంలో ఏదో పెద్ద సంఘటన దాన్ని సాగదీసి ఉండాలి, లేదా ఆలస్యం అంత లేకపోయి ఉండాలి. మొదటిది అసాధ్యమేమీ కాదు, శని వలయాల వయస్సు గురించి, ఉపగ్రహాల కక్ష్యల గురించి అలాంటి మాటలు కొన్నేళ్ళుగా వినిపిస్తూనే ఉన్నాయి. కానీ సముద్రాన్ని కాపాడటానికి లవణాలు కలిపినవారిని తప్పుపట్టి, ఆలస్యాన్ని కాపాడటానికి ఒక మహాప్రమాదాన్ని కలిపేవారిని మెచ్చుకోవడం నాకు న్యాయంగా తోచదు. తూకం రెండువైపులా ఒకటే ఉండాలి.

భూమి విషయంలో ఇదే కథ ఒకసారి నడిచింది, అందులో మన దేశపు రేవులకు కూడా భాగం ఉంది. 1863లో విలియం థామ్సన్, తరవాత లార్డ్ కెల్విన్ అయినవాడు, భూమి లోపలంతా ద్రవమైతే నేల కూడా సముద్రంతోపాటే లేచి దిగుతుందని, అప్పుడు తీరంలో నిలబడినవాడికి ఆటుపోటు దాదాపు కనిపించదని వాదించాడు. ఆటుపోటు కనిపిస్తోంది కనుక భూమి ఎంతో కొంత గట్టిదే. ఎంత గట్టిదో తేల్చడానికి చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్, ఇంగ్లండు, ఫ్రాన్సు, భారతదేశపు రేవులలో నమోదైన 33 సంవత్సరాల సముద్రమట్టపు పరిశీలనలను తీసుకుని, పక్షానికొకసారి వచ్చే సన్నని పోటును వాటిలోంచి వడగట్టాడు. భూమి కించిత్తు కూడా లొంగకపోతే ఎంత రావాలో అందులో మూడింట రెండు వంతులు వచ్చింది. 1913లో అమెరికాలో మైకెల్సన్, గేల్ ఇద్దరూ యెర్కిస్ వేధశాల ఆవరణలో 150 మీటర్ల గొట్టాలను నేలలో పాతి, వాటిలో సగానికి నీరు నింపి, ఆ నీటిమట్టం చివర్లలో మిల్లీమీటరులో వందోవంతు స్థాయిలో పెరిగి తగ్గడాన్ని కొలిచినా దాదాపు అదే వచ్చింది. భూమి మొత్తం మీద ఉక్కు అంత గట్టిదని, కనుక లోపల పూర్తిగా ఘనమేనని కెల్విన్ వర్గం తేల్చింది.

కొలత సరైనదే. తీర్పే తప్పు. 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ ఆ ఆటుపోటు కొలతనే తీసుకుని, దాని పక్కన భూకంప తరంగాల నుంచి తెలిసిన మాంటిల్ (భూమి పైపెంకుకూ కేంద్రకానికీ మధ్య ఉన్న మందపాటి రాతి పొర) దృఢతను పెట్టాడు. మాంటిల్ ఒక్కటే చూస్తే, ఆటుపోట్లు చెప్పే మొత్తం భూమి సగటు కన్నా చాలా గట్టిది. సగటు తక్కువగా ఉండాలంటే మధ్యలో ఎక్కడో దృఢత లేని భాగం ఉండి తీరాలి. అంటే భూమి కేంద్రకం ద్రవం. ఏ కొలతతో కెల్విన్ ద్రవం లేదన్నాడో, ఆ కొలతకే మరో సాక్షి తోడైతే ద్రవం ఉందని తేలింది. టైటాన్ గురించి నాకున్న అనుమానమంతా ఈ చరిత్రలోంచే వస్తుంది. ఆటుపోటు గోళం మొత్తాన్నీ కలిపి ఒకే మాట చెబుతుంది. ఆ మాటలో ఏ పొర వాటా ఎంతో అది విడదీయదు.

మా అమ్మ కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. నీళ్ళు చప్పుడు చేస్తే తీసుకునేది, లేకపోతే పక్కన పెట్టేది. ముదురు కాయకు ఆ పరీక్ష చక్కగా పనిచేస్తుంది. లేత బొండాన్ని మాత్రం ఎంత ఆడించినా చప్పుడు రాదు, అందులో నీళ్ళు లేక కాదు, అంచుదాకా నిండి ఉండటం వల్ల. పరీక్ష ఒకటే, దాని అర్థం కాయ ఎలాంటిదో ముందే తెలిస్తే గానీ తెలియదు.

రెండో సాక్షి దొరికిన చోట ఫలితం ఎంత గట్టిగా ఉంటుందో చూడటానికి ఎన్‌సెలాడస్‌ను చూడాలి. 504 కిలోమీటర్ల వ్యాసం ఉన్న ఈ చిన్న ఉపగ్రహం దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి చిమ్ముతోందని 2005లో కాసిని కనిపెట్టింది. చిమ్మే జోరు దాని 33 గంటల కక్ష్యలో శనికి దూరంగా ఉన్నప్పుడు పెరిగి, దగ్గరైనప్పుడు తగ్గుతుంది. ఆటుపోట్లు పగుళ్ళను తెరిచి మూస్తున్నాయని దీనివల్ల తెలిసింది గానీ, నీరు ధ్రువం కింద మాత్రమే ఉందా, గోళమంతటా ఉందా అన్నది తెలియలేదు. అది తెలిసింది ఊగిసలాట వల్ల. ఏడేళ్ళకు పైగా తీసిన ఫొటోలలో గుంటల స్థానాలను ఒక్కొక్కటిగా గుర్తించి చూస్తే, ఉపరితలం తన సగటు స్థానం నుంచి 0.12 డిగ్రీలు అటూ ఇటూ ఊగుతోందని 2015లో తేలింది. పెంకు కింది రాతికి అతుక్కుని ఉంటే ఊగిసలాట అందులో చిన్న భాగమే ఉండాలి. పెంకు తెగిపోయి ఉంది, మధ్యలో నీరుంది. గుండ్రని ముదురు కాయలో చిప్ప ఒకటిగా, లోపలి నీరు ఒకటిగా కదిలినట్టే. ఈ నిర్ణయంతో నాకు పేచీ లేదు.

ఆటుపోటు కొలత ఉందనే కంటే లేదని చెప్పడంలో బలంగా ఉంటుందని కూడా నాకు అనిపిస్తుంది. గురుడి ఉపగ్రహం అయోది మంచు కథ కాకపోయినా, ఈ విషయంలో మంచి ఉదాహరణ. పీల్, కాసెన్, రెనాల్డ్స్ అనే ముగ్గురు, ఆటుపోట్ల రాపిడి వల్ల అయో లోపల కరిగి ఉండాలని 1979 మార్చి 2న ప్రకటించారు. మూడు రోజుల తరవాత వాయేజర్ 1 నౌక అక్కడికి చేరింది, ఆ వారంలోనే అగ్నిపర్వతపు ధూమం కనిపించింది. అప్పటినుంచి అయో పెంకు కింద గోళమంతటా శిలాద్రవ సముద్రం ఉందన్న ఊహ బలపడుతూ వచ్చింది. 2023 డిసెంబరులోను, 2024 ఫిబ్రవరిలోను జూనో నౌక 1,500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్ళి కొలిస్తే, కే2 విలువ 0.125 వచ్చింది. లోతులేని చోట అలాంటి సముద్రం ఉంటే ఇంకా ఎన్నో రెట్లు రావాలి. ఉబ్బు తక్కువైనప్పుడు మెత్తని మంచు, వెచ్చని రాయి వంటి మరో వివరణకు చోటుండదు. ఉబ్బు ఎక్కువైనప్పుడే చోటుంటుంది.

రాబోయే కొలతలను ఈ కళ్ళతో చూడాలని నా కోరిక. 2024 అక్టోబరు 14న బయలుదేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030 ఏప్రిల్‌లో గురుడిని చేరి, దాని మంచు ఉపగ్రహం యూరోపా పక్కనుంచి 49 సార్లు వెళ్ళాలి. అక్కడ సముద్రం ఉంటే ఉపరితలం మూడున్నర రోజులకొకసారి 30 మీటర్లు లేచి దిగుతుంది, లేకపోతే ఒక్క మీటరే. ఇంత తేడా ఉన్నచోట ఉందా లేదా అన్న ప్రశ్న పెద్ద కష్టం కాదు, పైగా గెలీలియో నౌక అయస్కాంత కొలతలు ఉప్పునీటివైపు ఎప్పుడో మొగ్గాయి. పెంకు మందమెంత, దాని అడుగున వెచ్చని మంచు పొర ఎంత అన్నవే అక్కడ అసలు ప్రశ్నలు, వాటికి జవాబు ఉబ్బు పరిమాణంలో సగమే ఉంటుంది. 2023 ఏప్రిల్ 14న బయలుదేరిన యూరప్ నౌక జ్యూస్ నాకు ఇంకా ఎక్కువ ఆశ కలిగిస్తోంది. అది 2031 జూలైలో గురుడిని చేరి, 2034 డిసెంబరులో గురుడి మరో ఉపగ్రహం గనిమీడ్ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ఒక ఉపగ్రహం పక్కనుంచి వెళ్ళడం వేరు, నెలల తరబడి దాని చుట్టూనే తిరగడం వేరు. జ్యూస్‌లో రేడియో కొలతలతో కే2 తెలుస్తుంది, గాలా అనే లేజర్ పరికరంతో ఉపరితలం లేచే ఎత్తు, అంటే హెచ్2 విడిగా తెలుస్తుంది. ఒక్కొక్కటిగా చూస్తే ఈ రెండూ పెంకు మందంతో, సముద్రపు సాంద్రతతో, మంచు మెత్తదనంతో కలగాపులగంగా మారుతాయి. రెండింటినీ జతచేస్తే ఆ గందరగోళం చాలావరకు తీసివేతలో పోతుంది. టైటాన్‌కు దక్కనిది అదే: దట్టమైన నారింజరంగు వాతావరణం కింద ఉన్న నేల పది మీటర్లు లేచి దిగుతోందో లేదో కాసిని నేరుగా కొలవలేదు.

టైటాన్‌కు రెండో సాక్షి 2028 జూలైలో బయలుదేరవలసిన డ్రాగన్‌ఫ్లై నౌక. 2034లో అది టైటాన్ ఇసుకతిన్నెల మీద దిగి, ఒకచోటి నుంచి మరోచోటికి ఎగురుతూ, దిగిన ప్రతిచోటా నేల కంపనాలను వింటుంది. శని పిండినప్పుడు పెంకు ఎక్కడైనా చిట్లితే ఆ ధ్వని దాని కంపనమాపకానికి చేరాలి. కంపనాలలో అడ్డంగా ఊగే రకం తరంగాలు ద్రవంలో సాగవు. అవి పెంకు అడుగున అద్దం తగిలినట్టు వెనక్కి తిరిగితే కింద నీరుంది. నలిగి, నీరసించి, అయినా ఇంకా లోతుకు పోతే ఉన్నది మెత్తని మంచు. జెఫ్రీస్ భూమికి చేసినది టైటాన్‌కు చేయడానికి అప్పుడు వీలవుతుంది.

ఈ ఏడాది బొమ్మలోంచి నీలి వలయాన్ని నేను తీసివేయలేదు. దాని అంచులను చుక్కల గీతలుగా మార్చి, పక్కన రెండు సంఖ్యలు రాశాను: 0.6, 15 గంటలు. రెండోది ఏమిటని ముందు బెంచీలోని అమ్మాయి అడిగింది. పాఠం అక్కడినుంచి మొదలుపెట్టాను.